నాలుగో నంబర్ కదులుతోంది

అతన్ని అందరూ ఉడత అంటారు. వయసులో ఉన్నప్పుడు, నిచ్చెన గోడకు ఆనించేలోపే సగం దూరం ఎక్కేసేవాడని పెట్టిన పేరది. ఇప్పుడు యాభై దగ్గరపడింది. పొట్ట వచ్చింది, మోకాళ్లు మెట్టు మెట్టుకీ కటకటమంటున్నాయి. పేరు మాత్రం వదలకుండా అంటుకునే ఉంది. ఇక అలా పిలవకండర్రా అని చెప్పడానికి సిగ్గు, ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఓపిక లేదు.

అతను చేసేది క్రికెట్ మైదానం చుట్టూ ఎత్తైన చోట్ల కెమెరాలు బిగించే పని. అవుటా కాదా అని తగువు వచ్చినప్పుడు టీవీలో ఒక గీత గీసి, బంతి ఎక్కడ పడిందో, కాలికి తగలకపోతే వికెట్లకు తగిలేదో లేదో చూపిస్తారు కదా, ఆ గీత ఈ కెమెరాల చలవే. ఆరు కెమెరాలు ఆరు వైపుల నుంచి బంతిని చూస్తాయి. ఆరింటి చూపూ కలిసిన చోట బంతి ఉన్నట్టు లెక్క. వాటిలో ఒక్కటి వెంట్రుకవాసి కదిలినా, తెర మీద బంతి పోయి ఎక్కడో పడుతుంది. అప్పుడు జనం అంపైర్‌ని తిడతారు, కంప్యూటర్‌ని తిడతారు. ఉడతని మాత్రం ఎవరూ తిట్టరు, అలాంటి మనిషొకడు ఉన్నాడని ఎవరికీ తెలియదు కనుక. ఈ ఉద్యోగంలో ఉన్న సుఖం అదొక్కటే.

ఏడాదిగా అతని చెవిలో ఏదో తేడాగా ఉంది. మంచం మీంచి లేచినా, తల తిప్పి ఎవరినైనా పలకరించినా, లోకం గిర్రున తిరిగి మళ్లీ తన చోటికి వచ్చి కూర్చుంటుంది. డాక్టర్ చెవిలో లైటు వేసి చూసి, మందులు రాసి, ఎత్తులు ఎక్కడం మానేయమన్నాడు. పక్కనే కూర్చున్న భార్య ఆ మాటని గట్టిగా పట్టుకుంది. ఇంటి గడప తొక్కకముందే, "ఇక నువ్వు ఎక్కడం లేదు, అంతే," అంది.

"ఎందుకెక్కుతాను? ట్రక్కులో కూర్చునే పని ఇస్తామన్నారు," అన్నాడు ఉడత.

ఎవరూ ఏమీ ఇస్తామనలేదు. మైదానం బయట నిలిపే ఏసీ ట్రక్కులో కెమెరా తెరల ముందు కూర్చోవడానికి కంప్యూటర్ చదువు కావాలి. కింద పిచ్ మీద చేసే పని ఒకటుంది, అది భార్య తమ్ముడిది. ఎక్కలేనివాడు ఇంటికి పోవాల్సిందే. ఇంటికి పోయి ఏం చెయ్యాలి? అతనికి ఎక్కడం తప్ప ఇంకేమీ రాదు. అందుకే ఆ అబద్ధాన్ని తాను మోయడమే కాక, బావమరిది నెత్తిన కూడా పెట్టాడు. "బావకి ఏసీలో చలేస్తోందని చెప్పా అక్కకి. స్వెట్టర్ అల్లుతోంది," అని ఆ మధ్య వాడు విసుక్కున్నాడు. ఎండకి మాడి బొగ్గయిన మొహంతో ఉడత ఆ స్వెట్టర్ తీసుకున్నాడు కూడా. సిగ్గేసింది, తీసుకోక తప్పలేదు.

ఆ రోజు తెల్లవారుతుండగానే పని మొదలైంది. నాలుగో నంబర్ కెమెరా తూర్పు స్టాండు మీద బిగించాలి. ఆఖరి వరుస వెనక గోడకు ఇనుప నిచ్చెన ఉంది. అది ఎక్కి పైకప్పును మోసే ఇనుప దూలానికి కెమెరా బిగించాలి. ఏ మైదానంలోనైనా పద్ధతి అదే. ఏడాదిగా ఎలాగోలా ఎక్కుతూనే ఉన్న ఉడత, ఈసారి నాలుగు మెట్లు ఎక్కాడో లేదో మైదానం పళ్లెంలా ఒక పక్కకి ఒరిగింది. కళ్లు మూసుకున్నాడు. మూసుకుంటే ఇంకా తిరిగింది. తడుముకుంటూ దిగి, ఆఖరి వరుస కుర్చీలో కూలబడ్డాడు. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

ఎదురుగా రెయిలింగ్ కనిపించింది. లావుపాటి ఇనుప గొట్టం. చేత్తో పట్టుకుని ఊపి చూశాడు, కదల్లేదు. ఖాళీ స్టాండులో ఏదీ కదలదు. జనం నిండాక వాళ్లు ఆనుకుంటారు, ఊగుతారు, గెంతుతారు, రెయిలింగ్ కూడా వాళ్లతో పాటే ఊగుతుంది. ఈ పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్పే పాఠమిది. ఎంతోమందికి ఉడతే నేర్పాడు. అన్నీ తెలిసే, ఒంట్లో ఓపిక లేక, కెమెరాని రెయిలింగ్‌కి బిగించాడు.

కింద పిచ్ మీద బావమరిది కర్ర పట్టుకుని నిలబడ్డాడు. కర్ర చివర తెల్ల బంతి ఉంటుంది. దాన్ని వికెట్ల దగ్గర ఒకసారి, క్రీజు గీత మీద ఒకసారి నిలబెడితే, ట్రక్కులో ఉన్న మేడమ్ ఆ బంతిని తెర మీద చూసుకుంటూ కెమెరాని ఎటు తిప్పాలో వాకీటాకీలో చెబుతుంది.

"ఎడమకి. ఇంకొంచెం. ఎక్కువైంది, వెనక్కి. చాలు. లాక్ చెయ్యండి," అందామె. తర్వాత అనుమానంగా అడిగింది. "బొమ్మ ఎప్పటికంటే కిందికి ఉందేంటి?"

"పైన దూలం తుప్పు పట్టింది మేడమ్. కాస్త కిందికి పెట్టా."

బావమరిది తలెత్తి స్టాండు వైపు చాలాసేపు చూశాడు. కెమెరా ఎక్కడుందో వాడికి స్పష్టంగా కనిపిస్తోంది. అయినా నోరు మెదపలేదు. బావ కదా మరి.

మ్యాచ్ మొదలైంది. జనం వచ్చారు, ఎండ వచ్చింది. ఉడత కెమెరా పక్కన కాపలా కూర్చుని, "బాబూ, ఆనకండి. అమ్మా, బ్యాగు అక్కడ తగిలించకండి," అంటూ వేడుకున్నాడు. కాసేపు విన్నారు. ఇంతలో ఎవడో సిక్స్ కొట్టాడు. స్టాండంతా ఒక్కసారిగా లేచి గెంతింది. రెయిలింగ్ వణకడం ఉడతకి తన మోచేతి కింద తెలిసింది.

"నాలుగో నంబర్ కదులుతోంది," అంది వాకీటాకీ.

ఉడత రెండు చేతులతో రెయిలింగ్‌ని అదిమి పట్టుకున్నాడు.

"నాలుగో నంబర్ కదులుతోంది. వింటున్నారా? అసలు దేనికి బిగించారు?"

"రెయిలింగ్‌కి మేడమ్," అన్నాడు చివరికి. ఇంకో అబద్ధం వెతుక్కునే ఓపిక కూడా లేకపోయింది.

అవతల ఒక నిట్టూర్పు వినిపించింది. "ప్రస్తుతానికి మిగతా అయిదింటితో లాగిస్తాను. ఇన్నింగ్స్ విరామంలో పైకి మార్చెయ్యండి. ఈసారి దూలానికే."

విరామం రానే వచ్చింది. కెమెరాని విప్పి, సంచిలో పెట్టి వీపుకి కట్టుకుని, ఉడత నిచ్చెన ఎక్కాడు. పై మెట్టునే చూస్తూ, కిందికి చూడకుండా, పళ్లు బిగబట్టి ఎక్కాడు. దూలం చేతికి అందేంత దగ్గరికొచ్చింది. బెల్టు కొక్కెం తగిలిద్దామని తల పక్కకి తిప్పాడు. అంతే, స్టాండు, ఆకాశం, జనం అన్నీ కలిసి గిర్రున తిరిగాయి. నిచ్చెనని రెండు చేతులా కావలించుకుని ఉండిపోయాడు. పైకీ పోలేడు, కిందికీ రాలేడు.

"అంకుల్, అక్కణ్నుంచి మ్యాచ్ బాగా కనిపిస్తుందా?" అని కింద నుంచి ఎవరో అరిచారు. నలుగురు నవ్వారు.

"ఏమైంది? బిగించారా?" మేడమ్ అడుగుతోంది. వాకీటాకీ బటన్ నొక్కాలంటే చెయ్యి వదలాలి.

అప్పుడు పిచ్ దగ్గరున్న బావమరిది గొంతు వాకీటాకీలో వినిపించింది. "బావా, నాకు కనిపిస్తున్నావు. కళ్లు తిరుగుతున్నాయి కదూ? మేడమ్, ఆయనకి చెవి బాలేదు. డాక్టర్ ఎక్కొద్దన్నాడు. మీకెవరికీ చెప్పలేదు. బావా, తల కదపకు. ఎదురుగా గోడనే చూడు. ఎడమ కాలు కిందికి. ఇంకొంచెం. ఇంకొంచెం. తగిలింది కదా? ఆగు. ఊపిరి తీసుకో. ఇప్పుడు కుడి కాలు."

ఆ మాటలు బృందంలో ప్రతి ఒక్కరి చెవిలోనూ పడుతున్నాయి. ఏడాదిగా దాచుకున్నదంతా ఒక్క ముక్కలో బయటపడింది. సిగ్గుపడే తీరిక కూడా ఉడతకి లేదు. గోడ మీద పెచ్చులూడిన సున్నాన్ని చూస్తూ, వాడు చెప్పిన కాలు చెప్పినట్టు దింపుకుంటూ వచ్చాడు. పాదం నేలకి తగిలాక అక్కడే కూర్చుండిపోయాడు. ఇందాక నవ్వినవాళ్లలోనే ఒకామె మంచినీళ్ల సీసా అందించింది.

మేడమ్ తిట్టలేదు. "దిగారా? సరే," అని, "మరి ఇప్పుడు పైకి ఎవరు?" అంది.

అప్పటికే బావమరిది పరుగున మెట్లెక్కి వచ్చేశాడు. ఉడత నడుముకున్న బెల్టు విప్పడం మొదలుపెట్టాడు.

"నీకు అలవాటు లేదురా," అన్నాడు ఉడత.

"నీకుంది, చూశాంగా. లే బావా. వెళ్లి కర్ర పట్టుకో. టైమ్ లేదు."

ఉడత గోడలు పట్టుకుంటూ దిగి, మైదానం మధ్యకి నడిచాడు. పాతికేళ్లుగా ఈ పని చేస్తున్నాడు గానీ, పిచ్ దగ్గర నిలబడి పైకి చూడటం అతనికి ఇదే మొదటిసారి. తూర్పు స్టాండు పైకప్పు కింద ఒక చిన్న మనిషి నిచ్చెనకి వేలాడుతున్నాడు. మొహం కనిపించదు, చొక్కా రంగు మాత్రం తెలుస్తోంది. ఒక చెయ్యి వదిలి దూలం మీదికి చాచాడు. పైనున్నప్పుడు ఉడతకి ఏనాడూ ఇంత భయం వేయలేదు. అక్కడైతే చేతిలో ఏదో ఒకటి పట్టు ఉండేది. ఇక్కడ పట్టుకోవడానికి ఈ కర్ర తప్ప ఏమీ లేదు.

"కర్ర ఊగుతోంది. కదలకుండా పట్టుకోండి," అంది మేడమ్. రెండు చేతులా పట్టుకున్నాడు. అయినా ఊగింది. చివరికి కర్రని రొమ్ముకి ఆనించుకుని నిలబడితే అప్పుడు ఆగింది.

నాలుగో నంబర్ లాక్ అయింది. ఆటగాళ్లు మైదానంలోకి వస్తున్నారు. కెమెరా నిలకడగా ఉందని తేలేదాకా, కొన్ని ఓవర్లపాటు బావమరిదిని పైనే ఉండమంది మేడమ్. ఉడత బౌండరీ తాడు దాటి బయటికొచ్చి, స్టాండు కింద మెట్ల మీద కూర్చుని భార్యకి ఫోన్ చేశాడు.

"ఏంటి ఈ టైమ్‌లో? ఆట అయిపోయిందా?"

"లేదు."

"గొంతేంటి అలా ఉంది? కళ్లు తిరిగాయా?"

"తిరిగాయి. నిచ్చెన మీద."

"ట్రక్కులో నిచ్చెనేంటి?"

"ట్రక్కులో లేను. ఎప్పుడూ లేను."

తిడుతుందని చెవి ఒగ్గి కూర్చున్నాడు. తిడితే బాగుండుననిపించింది.

"ఇప్పుడు కిందే ఉన్నావా?" అంది ఆమె చివరికి.

"కిందే ఉన్నా. ఇక ఎక్కను. అందరికీ తెలిసిపోయింది, ఎక్కనివ్వరు కూడా."

"మరి పైన ఎవరున్నారు?"

ఎవరో కొత్తవాడు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఏడాదిగా అలవాటైన నాలుక అది. బలవంతాన మింగేశాడు.

"నీ తమ్ముడు," అన్నాడు.

"వాడు దిగేదాకా ఫోన్ పెట్టెయ్యకు," అంది.

ఉడత లేచి, పైకప్పు కనిపించే చోటికి వచ్చి నిలబడ్డాడు. "కనిపిస్తున్నాడా?" అని ఆమె ఓవర్‌కోసారి అడుగుతూనే ఉంది. మెడ పట్టేసినా తల దించకుండా, కనిపిస్తున్నాడు, కనిపిస్తున్నాడు అని అతను చెబుతూనే ఉన్నాడు.