రాళ్ళకుప్ప మీద దిగిన ఎక్స్‌రే పెట్టె

గౌసియాబీ జన్మలో బీడీ ముట్టలేదు. అయినా ఆమె దగ్గుకు సేటు పెట్టిన పేరు బీడీ దగ్గు.

తాండూరు పాలిషు షెడ్డులో పద్నాలుగేళ్ళుగా నాపరాళ్ళు అరగదీస్తున్నదామె. రాయి మీద నీళ్ళు పారితే దుమ్ము లేవదని సేటుకూ తెలుసు. పైపు వేయించమంటే మాత్రం "దుమ్ముతోనే దగ్గని రుజువేది? ఎక్స్‌రే తెచ్చి చూపు, వేయిస్త" అనేవాడు. ఎక్స్‌రేకు వికారాబాద్ పోయొస్తానంటే అదే నోటితో సెలవు లేదనేవాడు.

1981లో, ఎండ ముదురుతున్న ఒక మధ్యాహ్నం, షెడ్డు వెనక రాళ్ళకుప్ప మీద తెల్లటి గొడుగుగుడ్డతో పెద్ద పెట్టె ఒకటి దిగింది. మిషన్లు ఆపి అందరూ ఉరికారు. అయిదు జమాత్‌లు చదివిన ఇంద్రమ్మ దాని మీది కాగితం కూడబలుక్కొని చదివింది: "ఇది నక్షత్రాల ఎక్స్‌రేలు పట్టే యంత్రం. భయం లేదు. విప్పవద్దు. మా మనుషులు వస్తున్నారు."

"యా అల్లా! నేను పోలేదని దవాఖానే దిగొచ్చింది" అన్నది గౌసియాబీ.

పెనిమిటికి టీబీ అయినప్పుడు ఎక్స్‌రే గది చూసిన మనిషి. పద్ధతంతా తెలుసు. విప్పవద్దన్నారు, ఆనవద్దనలేదు. వెంటనే అందరినీ వరుసగా నిలబెట్టింది.

"ఛాతీ ఆనియ్యి. దమ్ము పట్టు. కదలకు. ఆఁ, ఇడువు!"

"టక్కుమనలే గద గౌసక్కా?"

"నీ గుండె గంత లొల్లి చేస్తుంటే ఏమినబడతది ఇంద్రా? జరుగు, ఎనకోళ్ళున్నరు."

తొమ్మిదో మనిషి అంగీ విప్పి పెట్టెను కౌగిలించుకున్నప్పుడు జీపు వచ్చింది. అందులోంచి దిగిన రాజేందర్ హైదరాబాద్‌లో నక్షత్రాల మీద పరిశోధన చేసే పిల్లవాడు.

"ఏం చేస్తున్నరమ్మా?"

"లైన్ల నిలబడు సారూ. నువ్వు పదోవాడివి."

అతనికి నవ్వాగలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకొని చెప్పాడు: "ఇది ఎక్స్‌రే తీయదమ్మా. పైనుంచి వచ్చేదాన్ని పట్టుకుంటది, అంతే. ఎక్స్‌రే కిరణాలు చిమ్మేటివి నక్షత్రాలు. అందుల కొత్తగ పుట్టినయి మరీ జోరు మీదుంటయి. ఆ కిరణాలు మన గాలి దాటి కిందికి రావు. అందుకే అమెరికావాళ్ళు దుర్భిణినే అంతరిక్షంలకు పంపిన్రు. మేం బెలూన్‌కు కట్టి పంపినం."

"అంటే కొత్తగ పుట్టిన చుక్కల ఎక్స్‌రే కోసం ఆకాశం దాంక పోతరు!" గౌసియాబీ పెట్టె మీద కూర్చుంది. "తాండూరు నుంచి వికారాబాద్ ఎంత దూరం సారూ?"

"నలభై కిలోమీటర్లుంటది."

"మరి?"

రాజేందర్ నవ్వు ఆగిపోయింది. పెట్టె అప్పగించినవాళ్ళకిచ్చే బహుమానం కవరు తీశాడు. ఆమె తోసేసింది.

"పైసలొద్దు. ఎట్లాగూ వికారాబాద్ మీదికెల్లే పోతవు గద, మమ్ముల్ని దవాఖాన కాడ దించు. పెట్టెను చంటిపిల్లలెక్క ఒళ్ళో పెట్టుకొస్తం."

అంతలో సేటు ఉరికొచ్చాడు. "పని ఇడిచిపెట్టి ఎటు పోతరు? ఒక్కొక్కని..."

రాజేందర్ నవ్వకుండా అన్నాడు: "పెట్టెకు ఆనిన ప్రతి మనిషికీ ఛాతీ పరీక్ష చేయించాలె. సర్కారు రూలు. మీరు గూడ ఆనిన్రా?"

సేటు రెండడుగులు వెనక్కి వేశాడు.

అట్లాంటి రూలు ఏ సర్కారులోనూ లేదు, ఉండాల్సింది మాత్రం అదే.

తొమ్మిది ఎక్స్‌రేలు వచ్చాయి. ఆరింటి మీద డాక్టరు రాతి దుమ్మని రాసిచ్చాడు. వాటిని గౌసియాబీ షెడ్డు కిటికీ ఊచలకు వేలాడదీసింది, రాళ్ళు కొనడానికి వచ్చేవాళ్ళు చూసుకుంటూ పోయేటట్టు. వారం తిరిగేసరికి పైపు పడింది.

ఆమె దగ్గు పోలేదు. పోదని డాక్టరు ముందే చెప్పాడు. అయితే కొత్తగా చేరిన పిల్లలకు ఆ దగ్గు రాలేదు.

నీళ్ళు వదిలిన మొదటి రోజు పైపు ఊడి సేటు తెల్లధోతి నిలువునా తడిసింది. అందరూ బిగుసుకుపోయారు. గౌసియాబీ మాత్రం మెల్లగా అన్నది:

"కదలకు సేటూ. దమ్ము పట్టు."