ఎడమకాలికి పనిలేని డ్రైవరు

లారీ నడిపేటప్పుడు అతను ఎడమకాలి చెప్పు విప్పేసి, ఆ కాలు మడిచి సీటు కిందికి తోసేస్తాడు. దానికి పనేమీ లేదు. సరుకు రవాణా కంపెనీ నడిపే డ్రైవింగు బడిలో అతను నేర్చుకున్న లారీలకు క్లచ్ ఉండదు, గేర్లు వాటంతటవే మారతాయి. పనిచేసే మిల్లు మూతపడి ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఆ బడి దేవుడిలా కనిపించింది. నేర్పేదీ వాళ్లే, లైసెన్సు ఇప్పించేదీ వాళ్లే. బదులుగా రెండేళ్లు వాళ్ల బండే నడపాలి. పాత లారీ డ్రైవరైన బావమరిది మాత్రం, "బయట గేర్ల బండి మీద నేర్చుకో బావా. రేపు వీళ్లతో పడకపోతే ఎటు పోతావు?" అన్నాడు. "రేపటి సంగతి రేపు చూద్దాంలే" అన్నాడు అతను.

ఆ రెండేళ్లూ ఇంటి ముఖం చూసింది తక్కువ. గడువు తీరగానే, రోజూ ఇల్లు చేరే పని ఉందని విని ఇంకో లారీ యజమాని దగ్గరికి వెళ్లాడు. ఆయన ఒక గేర్ల లారీ తాళంచెవి ఇచ్చి, "ఆ గోడదాకా పోనిచ్చి తీసుకురా, చాలు" అన్నాడు. క్లచ్ తొక్కి మెల్లగా వదలాలని అతనికి తెలుసు, కాలికే తెలియదు. లారీ ఒక్క దూకు దూకి ఆగిపోయింది. మళ్లీ తాళం తిప్పాడు, మళ్లీ అదే. యజమాని కోప్పడలేదు. "కంపెనీ బడా?" అని జాలిగా అడిగి, తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

మళ్లీ కంపెనీకే వచ్చి చేరాడు. నిన్న గేటు దగ్గర, కొత్తగా నేర్చుకోవడానికి వచ్చిన ఒకాయన, "ఇక్కడ ఎలా ఉంటుందన్నా?" అని అడిగాడు. అతను లారీ అద్దాన్ని చాలాసేపు తుడిచాడు.

"చాలా తేలిక" అన్నాడు చివరికి. "ఎడమకాలితో పనే ఉండదు."