కిటికీ బయట అరచెయ్యి

అంబిక ఉపగ్రహాలు నడుపుతుందంటే వాళ్ల ఊరు పుంగనూరులో ఎవరూ నమ్మలేదు. ఇంటింటికీ డిష్ బిగిస్తుందనుకున్నారు. కుప్పం కాలేజీలో ఆమె పక్క కుర్చీలో ఏడాది కూర్చున్న నాకు తెలుసు ఆ పిల్ల ఓపిక.

మా కాలేజీ పైకి పంపిన బుల్లి ఉపగ్రహాలు రెండు. ఒకదాని వెనక ఒకటి జతగా తిరగాలి. వాటిలో ఇంధనం లేదు. అంత ఎత్తున కూడా పలచటి గాలి ఉంటుంది కాబట్టి దాంతోనే నెట్టుకురావాలి. రెక్కను గాలికి అడ్డం తిప్పితే ఉపగ్రహం కిందికి జారుతుంది, మడిస్తే ఆ జారడం నెమ్మదిస్తుంది. మళ్లీ పైకి లేపడం మాత్రం మా తరం కాదు.

ఇదంతా ఆమె తమ్ముడు యశ్వంత్‌కు మదనపల్లె బస్సులో చెప్పింది, కిటికీ బయట అరచెయ్యి గాలికి అటూ ఇటూ తిప్పి చూపిస్తూ. వాడికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు మదనపల్లె ఆసుపత్రిలో డయాలసిస్. వాడి కోసం బెంగుళూరు ఉద్యోగం వదిలింది, వచ్చిన సంబంధాలు వద్దంది, ప్రతిసారీ తోడు వెళ్లేది.

మే నెలలో ఒక ఉపగ్రహం రెక్క తెరుచుకుని అలాగే బిగుసుకుపోయింది. అది జారిపోతుంటే, జత విడిపోకుండా అంబిక రెండోదాని రెక్కా తెరిచింది. బాగున్నదాన్ని కూడా చంపుతావా అని మా పని చూసే సుబ్బరాయుడు సారు మండిపడ్డాడు. ఆ మాట తమ్ముడికీ చెప్పింది.

"యాలక్కా దాన్ని గూడా దించుతాండావు?" అన్నాడు వాడు.

"ఒంటిగా పోతాదిరా అది."

"పోనీక్కా. బాగుండేదన్నా ఉండనీ."

మర్నాడు ఆమె రెండోదాని రెక్క మడిచింది. ఆ వారమే వాడు, "నా ఎంబడి తిరిగితే నీ పని పోతాది. ఇంగ నేనొకణ్ణే పోయొస్తా" అన్నాడు. పొద్దున బయల్దేరేవాడు, సాయంత్రం వచ్చేవాడు. అంబిక నమ్మింది. వాడు పుంగనూరు బస్టాండులోనే కూర్చుని ఇంటికి తిరిగొచ్చేవాడని, మదనపల్లె బస్సు ఎక్కనే లేదని తర్వాత తెలిసింది. రెండో వారంలో ఊపిరాడక చనిపోయాడు. వాడి మీద నాకిప్పటికీ కోపమే.

చెడిపోయిన ఉపగ్రహం వాడికంటే ఎక్కువ రోజులే ఉండి, కాలిపోయింది. రెండోది ఇంకా తిరుగుతోంది. అంబిక మళ్లీ పనిలోకి వచ్చిన రోజు దాని సంకేతం చక్కగా అందింది.

"నువ్వు మడిచినందుకే అది బతికిందమ్మా," అన్నాడు సారు, ఓదార్చాలని.

"వాణ్ణి ఒంటిగా పంపిస్తిని సార్," అని ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.