గాలి ఊరికి ప్రయాణం కట్టిన సక్రి

సక్రి నిలబడి నిద్రపోగలదు. పొగడ్తకు చెప్పడం లేదు, కళ్లారా చూసిన మాట చెబుతున్నాను. కారేపల్లి దగ్గర మా గిరిజన బాలికల హాస్టల్లో ఆమె వంటమనిషి, నేను వార్డెన్‌ని. పొద్దున్నే పిల్లలకు ఉప్మా కలుపుతూ కలుపుతూ, గరిటె మీద రెండు చేతులూ ఆనించి, చేతుల మీద గడ్డం పెట్టి కళ్లు మూసేది. అడుగంటే లోపు తెరిచేది. ఒక్కసారి మాత్రం తెరవలేదు. ఆ రోజే తనిఖీకి వచ్చిన ఆఫీసరుగారు రెండు ముద్దలు తిని, "ఇందులో ఏదో ప్రత్యేకమైన రుచి ఉందమ్మా" అన్నారు. సక్రి నా వైపు చూడలేదు, నేను సక్రి వైపు చూడలేదు.

ఆమె తండా హాస్టల్‌కి కొంచెం దూరం. చీకటితో లేచి నడిచి వచ్చేది. నూరు మందికి పైగా ఆడపిల్లలకు వండి, వార్చి, పెద్ద పెద్ద డేగిశాలు తోమి, మళ్లీ నడిచి ఇంటికి పోయేది. అక్కడ ఇంకో పొయ్యి ఎదురుచూస్తుండేది. భర్త గోప్యా కరెంటు స్తంభాలెక్కే హెల్పరు. మంచివాడే. కానీ స్తంభం దిగాక మంచం తప్ప వేరే చోటు ఉందని అతనికి తెలియదు. అత్త ద్వాలికి నోరు ఎక్కువ, నడుం తక్కువ. కొడుకు రాజేష్ ఖమ్మంలో చదువుకుంటున్నాడు. వారానికోసారి వచ్చి మాసిన బట్టలు ఇచ్చి, ఉతికినవి పట్టుకుపోతాడు.

మధ్యాహ్నం పిల్లలు బడిలో ఉన్నప్పుడు సక్రి వంటింటి గడపలో కూర్చుని బట్ట మీద చిన్న చిన్న అద్దాలు పెట్టి కుట్టేది. "కాసేపు నడుం వాల్చరాదూ?" అంటే, "వాలిస్తే ఇగ లేవ మేడం, గందుకే కుడుతున్న" అనేది. అలా నిద్ర ఆపుకోవడానికి కుట్టిన కుట్టే నా కుర్చీకి దిండు గలీబు అయింది. ఆ గలీబే భార్గవి కంట పడింది.

భార్గవి హైదరాబాదులో చేతిపనుల సంఘం ఒకటి నడిపే అమ్మాయి. రెండువేల ఆరులో కాబోలు, తండాలు తిరుగుతూ మా హాస్టల్‌కి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు, దిండు తీసి ఒళ్లో పెట్టుకుంది. న్యూజిలాండ్ అనే దేశం రాజధాని వెల్లింగ్టన్‌లో పెద్ద పండగ చేస్తున్నారట. సముద్రం ఒడ్డున ఊరు. గోడల మీద బొమ్మలు, వీధికో నాటకం, సందుకో పాట. చేతిపని వచ్చిన వాళ్లను దేశదేశాల నుంచి పిలుస్తున్నారట. సక్రి వెళ్లి జనం ముందు కూర్చుని కుడితే చాలు. ఖర్చంతా వాళ్లదే.

సక్రి చేతులు కొంగుకు తుడుచుకుంటూ అంతా విన్నది. తర్వాత అడిగింది.

"గాడ బువ్వ ఎవరొండుతరమ్మ?"

"హోటల్లో పెడతారు. మీరు పొయ్యి ముట్టుకునే పనే లేదు."

"మరి గిన్నెలు?"

"గిన్నెలు కూడా వాళ్లే."

"పదిహేను రోజులు?"

"పదిహేను రోజులూ."

"నేనొస్త" అంది సక్రి. ఆ దేశం ఏ దిక్కున ఉందో కూడా అడగలేదు.

సాయంత్రం గంజి వంచుతూ నాతో మెల్లగా అంది. "ఎవ్వరికి చెప్పకుండ్రి మేడం. సముద్రం గిముద్రం నాకెందుకు? నాకు పండుకోవాలె."

ఊరు చూడాలని వెళ్లేవాళ్లను చూశాను, ఊళ్లో చెప్పుకోవాలని వెళ్లేవాళ్లనూ చూశాను. నిద్రపోవడానికి సముద్రాలు దాటుతానన్న మనిషిని అదే మొదటిసారి చూడడం. నవ్వబోయి, ఆమె కళ్ల కింద నలుపు చూసి ఊరుకున్నాను.

కానీ ప్రయాణం కట్టడం అంటే వంట చెయ్యడం కంటే పెద్ద చాకిరీ అని అప్పుడే తెలిసింది మా ఇద్దరికీ. హాస్టల్ నుంచి పోయేసరికి తండా సగం ఆమె వాకిట్లో ఉండేది. స్వెట్టర్ కొనుక్కో అని ఒకరు, విమానంలో కక్కు వస్తుంది నిమ్మకాయ పెట్టుకో అని ఒకరు. విమానం ఎక్కినవాళ్లు ఒక్కరూ లేరు, సలహా చెప్పనివాళ్లూ లేరు. అందరికీ చాయ్ ఎవరు పెట్టాలి? సక్రే. గోప్యా బడి నుంచి గ్లోబు అడిగి తెచ్చి, పంతులులాగా తిప్పి తిప్పి చూపేవాడు. "గిదిగో, గిక్కడ, కింద కొసకు. ఇంకింత జరిగితె కిందపడుతది."

పాస్‌పోర్టు ఫొటో కోసం నేనే ఖమ్మం తీసుకెళ్లాను. కొత్త చీర, కొత్త బొట్టు, బాగుంది మనిషి. స్టూడియోలో కుషన్ స్టూలు మీద కూర్చోబెట్టారు. ఫ్యాను వేశారు. అంతే. ఫొటోగ్రాఫర్ ఎన్నిసార్లు "రెడీ" అన్నా, ఆ మాటకు ఈమె కళ్లు మూతలు పడుతున్నాయి. చివరికి అతను నన్ను పక్కకు పిలిచి, "మేడం, ఇవి తీసుకెళ్తే మనిషి బతికే ఉందని సర్టిఫికెట్ అడుగుతారు" అన్నాడు. ఇంకో సెలవు రోజు వద్దాంలే అని తిరుగు ఆటో ఎక్కాం. ఆటోలో సక్రి తల ఎవరో పెద్దమనిషి భుజం మీద వాలింది. ఆయన అంతకు ముందే దిగాల్సినవాడు, లేపడం మొహమాటమై ఇంకో స్టాపు ముందుకొచ్చి దిగాడు.

ఆ రెండో ఫొటో తీసేలోపే, ఇంట్లోవాళ్లతో మాట్లాడదామని భార్గవి తండాకు వచ్చింది. ద్వాలి గడప పక్కన తన అద్దాల లంగా పరుచుకుని, చేతుల నిండా తెల్లటి గాజులతో రాణిలా కూర్చుని ఉంది. భార్గవి ఉత్సాహంగా అంది. "అది గాలి నగరమమ్మా! అంత గాలి ఉన్న రాజధాని ప్రపంచంలోనే లేదంటారు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తండాలో ఇంట్లో మాట లంబాడీ. ద్వాలి తెలుగు కొంత సంతలో నేర్చింది, కొంత కారేపల్లిలో తాయెత్తులు కట్టే పుల్లమ్మ దగ్గర నేర్చింది. ఆ తెలుగులో గాలికి వీచే పని లేదు, పట్టే పని ఒక్కటే. పిల్లకు జ్వరమొస్తే గాలి. కొత్త కోడలు అన్నం మానేస్తే గాలి. పుల్లమ్మ ఎన్నిసార్లు ఆ మాటన్నా అదే అర్థం.

"ఊరంత గాలేనా?" అంది ద్వాలి గొంతు తగ్గించి.

"ఊరంతా గాలేనమ్మా!" భార్గవి నవ్వింది.

"పగలా, రాత్రా?"

"పగలూ రాత్రీ. ఒక్కోసారి మనుషుల్ని పట్టి ఊపేస్తుంది. వీధుల్లో తాళ్లు కడతారట, పట్టుకుని నడవడానికి!"

ద్వాలి లేచింది. కొడుకు వైపు తిరిగి, "సక్రి పోదు" అని లోపలికి వెళ్లిపోయింది.

భార్గవికి ఏమైందో అర్థం కాలేదు. నాకు అర్థమైంది కనుక, సర్దిచెప్పే పని నా మీద పడింది. మర్నాడు వెళ్లి కూర్చున్నాను.

"ఆ గాలి కాదు ద్వాలీ. చెట్లు ఊగితే వస్తుందే, ఆ గాలి."

"అవ్ వార్డెనమ్మ. చింతచెట్టు కాడ ఊగేది గదే."

"అది కాదు. ఇది సముద్రం మీద నుంచి వస్తుంది."

"సముద్రంల ఎందరు మునిగి సచ్చిన్రో."

"అబ్బ! ఒట్టి చల్లగాలమ్మా. ఒళ్లు జలదరిస్తుంది, అంతే."

"మొదలు గట్లనే ఉంటది. ఒళ్లు జల్లుమంటది. తర్వాత మాట పడిపోతది."

గూట్లో విసనకర్ర కనబడితే తీసి ఆమె మొహం మీద విసిరాను. "ఇదిగో, ఇది. ఇదే గాలి." ద్వాలి కాసేపు హాయిగా విసిరించుకుంది. తర్వాత, "గింతకు బజార్లల్ల తాళ్లు గడ్తరా?" అంది. విసనకర్ర మళ్లీ గూట్లో పెట్టేశాను. చెయ్యి మాత్రం నొప్పి పెట్టింది.

గోప్యా తల్లికి తమ భాషలో మొత్తం విప్పి చెప్పి, చివర నాకు వినబడేలా తెలుగులో అన్నాడు. "యాడీ, గాలంటె మనూర్ల వచ్చే గాలే."

తల్లి కొడుకును జాలిగా చూసింది. "గాలి లేని ఊరేదిరా? మనూర్ల గాలొస్తె ఎవరన్న గొప్పగ చెప్పుకుంటరా? గంతదూరం నుంచొచ్చి చెప్తున్నదంటె అది ఇంకో గాలే. బిడ్డలతల్లిని గండ్ల తోల్తనా నేను?"

ఆ మాట విన్నాక నాకే కాస్త అనుమానం వచ్చింది.

సక్రి ఈ మాటలన్నీ వింటూ గోడకానుకుని నిలబడి ఉంది. మర్నాడు హాస్టల్లో డేగిశా తోముతూ, "వద్దులే మేడం" అంది. "పోతానని అడిగేటందుకు గూడ పానం లేదు నాకు." బూడిద చేతితో నుదురు రుద్దుకుని మళ్లీ తోమడం మొదలుపెట్టింది. గిన్నెలో తలకాయ దూరేంతగా వంగి తోముతోంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. వంగి చూస్తే నిద్రపోతోంది.

ఇంతలో భార్గవి ఫోను. సక్రి రోజూ చీర కడుతుంది కదా, అక్కడ కూర్చున్నప్పుడు పూర్తి లంబాడీ దుస్తుల్లో ఉండాలట. తండాలో ఆ బట్టలు మంచివి ద్వాలివే. పంపననే మనిషిని బట్టలు ఎలా అడగడం? అయినా వెళ్లాను. అడగకపోతే ఆ ఉన్న దారీ మూసుకుపోతుంది.

నా మాట పూర్తికాకముందే ద్వాలి తన లంగా అంచు చేత్తో పట్టుకుంది. "నా బట్టలు నన్నిడిచి పోవు."

"పదిహేను రోజులే ద్వాలీ."

"ఒక్క రోజన్న పోవు." బిళ్లలు, అద్దాలు, గవ్వలు ఒక్కొక్కటే సవరించుకుంటూ చాలాసేపు ఆలోచించింది. "గీ బట్టలే గావాల్నంటె, నేనే రావాలె."

గోప్యా పకపకా నవ్వాడు. "యాడీ, గాలి పడ్తది నిన్ను!"

"పట్టనీ. గీ బరువేసుకోని గిన్నేండ్లు నడిచిన. నన్ను లేపేటి గాలేడున్నది? నీ పెండ్లాన్ని చూడు, ఉఫ్ అంటె పడ్తది."

అందరం నవ్వాం. సక్రి కూడా నవ్వింది. నవ్వి, నెత్తి మీది బిందె దించి, దాని పక్కనే నేల మీద కూర్చుండిపోయింది.

భార్గవి వచ్చి ద్వాలి కుట్టు చూసింది. సక్రికి కుట్టు నేర్పిందే ఆమె. భార్గవి సంతోషం పట్టలేకపోయింది. వెళ్లేవాళ్ల జాబితాలో సక్రి పేరు పోయి ద్వాలి పేరు వచ్చింది. స్టూడియోలో ద్వాలి కళ్లు అంత పెద్దవి చేసి చూసేసరికి ఫొటోగ్రాఫర్ ఒకటి తీసి చాలన్నాడు. కూర్చుని కుట్టడానికి నడుం ఏమీ అడ్డం రాలేదు.

ఇప్పుడు ప్రయాణం అత్తది, చాకిరీ కోడలిది. ఊడిన అద్దాలు కుట్టింది, జొన్నరొట్టెలు ఎండబెట్టింది, పచ్చడి మూట కట్టింది, రోజూ వచ్చే జనానికి చాయ్ కూడా పెట్టింది. ప్రయాణానికని ఆమెకు ముందే మంజూరు చేసిన సెలవు అలాగే ఉండిపోయింది. మార్చమని ఆమె అడగలేదు, మార్చాలా అని నేనూ అడగలేదు. బదులు వంటమనిషిని మాత్రం వద్దనలేదు నేను.

రైలు రోజున కారేపల్లి స్టేషన్‌కి తండా అంతా వచ్చింది. రైలు వచ్చే ముందు ప్లాట్‌ఫాం మీద దుమ్ము లేచేలా గాలి కొట్టింది. ద్వాలి నెత్తి మీది ముసుగు ఎగిరింది. రెండు చేతులా పట్టుకుని నన్నడిగింది. "గాడ గిట్లనే ఉంటదా వార్డెనమ్మ?"

"ఇంకా ఎక్కువ. కానీ ఇదే."

"ఓ... గింతేనా?" అంది. మొహంలో ధైర్యం కాదు, ఎవరో మోసం చేసినట్టు చిన్నబుచ్చుకోవడం కనబడింది. అయినా ఎక్కింది.

ఆ తర్వాత సక్రి హాస్టల్‌కి రాలేదు. సెలవు ఉన్నదే కదా అని కొన్నాళ్లు చూసి, ఒంట్లో ఎలా ఉందోనని ఒక సాయంత్రం తండాకు వెళ్లాను. వాకిట్లో గోప్యా పొయ్యి ముందు గొంతుకూర్చుని ఊదుతున్నాడు. మొహం నిండా మసి. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"మెల్లగ మేడం. ఆమె లేదు."

"ఎక్కడికెళ్లింది?"

గరిటెతో ఇంట్లోకి చూపించాడు. "లోపల్నే ఉన్నది. కని లేదు. యాడీని రైలెక్కించొచ్చిన రోజు ఒక్కటే మాటన్నది. 'గీ పదిహేను రోజులు నేను ఊర్ల లేననుకో. పోతె ఏం జేస్తుంటివో గదే జెయ్' అన్నది. గంతె, పండుకున్నది."

"తింటుందా?"

"పెడ్తె తింటది. గిన్నె మాత్రం ముట్టదు. హోటల్ల గట్లనే ఉంటదంట." మళ్లీ పొయ్యి వైపు తిరిగాడు. "మేడం, పప్పుల ఉప్పు ముందేస్తరా, ఎనకేస్తరా?"

చెప్పి, లోపలికి తొంగిచూశాను. గోడ వైపు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంది సక్రి. నా నీడ పడిందో ఏమో, ఉలిక్కిపడి లేవబోయింది. చెయ్యి గాల్లో గరిటె కోసం వెతికింది. కాసేపటికి నన్ను గుర్తుపట్టింది. సిగ్గుపడింది.

"మేడం, నేను లేను" అంది.

"తెలుసు. నేనూ రాలేదు" అన్నాను.

మళ్లీ తల వాల్చింది. కళ్లు మూసుకునే, గొంతు సగం దిండులోకి పోతుండగా అంది. "ఎంత పండుకున్నా తీర్తలేదు మేడం. ఇంకా శానా ఉన్నది లోపట."

చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వచ్చాను.