ఆటలమ్మ పట్టుకెళ్ళిన ట్యాంకు

మా చిన్నప్పుడు... తెనాలిలో మా ఇంటి వీధిగదికి వేపమండలు కట్టి నన్ను లోపల పడేశారు. ఆటలమ్మ పోసింది మరి! ఒళ్ళంతా పొక్కులు, కింద వేపాకు పక్క, గుమ్మంలో నాయనమ్మ కాపలా. జైల్లో అయినా తాలింపు కూర పెడతారేమో... నాకు మాత్రం చప్పిడి పెరుగన్నం.

నాతోపాటు లోపల ఇంకొకటి ఇరుక్కుంది... ట్యాంకు.

ఓడల్లో పనిచేసే మా బాపట్ల మామయ్య తెచ్చిన ప్లాస్టిక్ ముక్కల పెట్టె అది. అతికిస్తే పాతకాలం ఇంగ్లీషువాళ్ళ యుద్ధపు ట్యాంకు అవుతుంది. రెండు డొక్కల్లోనూ చెరో ఫిరంగి. ఫిరంగులుంటే మగ ట్యాంకు, మరతుపాకులుంటే ఆడ ట్యాంకు అనేవారట. పెట్టెలో వచ్చింది మగది.

"దీన్ని ఆడదిగా మార్చినవాడిదేరా ట్యాంకు!" అని నాకూ, వాళ్ళబ్బాయి... అదే మా బావకీ పందెం పెట్టి మామయ్య ఓడెక్కేశాడు. మొదటి వంతు నాది. అతికించానో లేదో జ్వరం ముంచుకొచ్చింది.

అమ్మవారున్న గదిలోకి కత్తీ బ్లేడూ రాకూడదు. మరి ఫిరంగి కోసేదెలా? నాకు నీళ్ళు పోసేలోగా పని అవకపోతే వంతు బావది.

సెలవులకని మా ఇంట్లోనే దిగిన బావ కిటికీ ఊచలు పట్టుకుని వేలాడేవాడు. "ఏరా, కోశావా? నా దగ్గర బ్లేడుంది, జిగురుంది. నీ దగ్గరేముందిరా... పొక్కులు!"

రేపల్లె బండి కూత వినపడితే చాలు... లోకమంతా ఎక్కడికో పోతోంది, నేనొక్కణ్ణే ఇక్కడున్నానని ఏడుపొచ్చేది.

ఫిరంగిని నాపరాయి మీద గరగరా రుద్దడం మొదలుపెట్టా. "గోక్కోకు తల్లీ, మచ్చలు పడతాయి!" అంటూ వచ్చి నాయనమ్మ నా చేతులు రెండూ పాతపంచె గుడ్డలతో చుట్టేసింది. అమ్మవారు నాలో ఉందని నన్ను 'తల్లీ' అనేది లెండి...

ఆ మాటే నాకు దారి చూపింది. కళ్ళు తేలేసి, గొంతు బొంగురు చేసి ఉరిమాను. "ఏమే! నా గదిలో ఫిరంగులేంటే? అరగదియ్యి!"

పాపం, నాయనమ్మ చెంపలేసుకుంది. గంధం తీసినట్టు కూర్చుని ఫిరంగులు అరగదీసింది. మరతుపాకులకి వేపాకు ఈనెలు, అంటించడానికి తుమ్మజిగురు... నేను ఉరిమినట్టల్లా చేసింది. ఆడ ట్యాంకు తయారు!

నీళ్ళు పోసిన రోజు బావ గుమ్మంలోంచి చూసి మొహం మాడ్చుకున్నాడు. "గెలిచావురా, దొంగా!"

చెయ్యి చాచానో లేదో... నాయనమ్మ ట్యాంకుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, చేటలో వేపమండల మధ్య కూర్చోబెట్టింది.

"ముట్టుకోకు! తల్లి అడిగి చేయించుకుంది. తల్లితోపాటే సాగనంపాలి."

"అడిగింది నేనే నాయనమ్మా!"

"నువ్వా? అయితే నన్ను 'ఏమే' అన్నదీ నువ్వేనట్రా?" అంది, మూలనున్న చీపురు కేసి చూస్తూ.

బావ పడీపడీ నవ్వుతున్నాడు. నేను గబగబా చేటకి దణ్ణం పెట్టేశాను. ట్యాంకు పసుపు మొహంతో కాలవకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆడ ట్యాంకు కూడా పెట్టెలోనే దొరుకుతోందట. ఆటలమ్మకి సూదిమందూ వచ్చింది. మా మనవళ్ళు మాత్రం ఏ జబ్బూ లేకుండానే, ఫోను పట్టుకుని, లోపలినుంచి గడియ వేసుకుంటున్నారు... కిటికీ దగ్గరికొచ్చి ఏడిపించే బావ ఒక్కడూ లేడు.

మీ ఇంట్లో ఆటలమ్మ ఏం పట్టుకెళ్ళిందో... కాస్త చెప్పండి, విని ఏడిపిస్తాను!