నక్షత్రాలకి పెళ్ళిచూపులు

నాకు కామెర్లు రావడం వల్ల ఖగోళశాస్త్రానికి ఏమైనా మేలు జరిగిందా అని ఎవరైనా అడిగితే, కొంచెం జరిగిందనే చెబుతాను. నాకు మాత్రం ఆ వేసవంతా మజ్జిగన్నం, చప్పిడి కూరలు తప్ప మరేమీ దక్కలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి, మహారాష్ట్రలో పరిశోధన చేస్తూ, హాస్టలు నీళ్ళు తాగి, పచ్చబడ్డ కళ్ళతో అంబాజీపేటలో మా ఇంటికొచ్చి పడ్డాను.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. పొలాల మధ్య నిలబెట్టిన పెద్ద పెద్ద డిష్షులతో ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టేవాళ్ళం. చచ్చిపోయిన నక్షత్రాలు కొన్ని బొంగరాల్లా తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ మనవైపు ఒక రేడియో మెరుపు విసురుతాయి. వాటిని పల్సార్లంటారు. కొత్తవి వెతికి పట్టుకోవడం మా పని. చిక్కేమిటంటే డిష్షులు పోగుచేసే సమాచారానికి అంతులేదు. టేపుల మీద టేపులు నిండిపోయేవి. అందులో అనుమానంగా ఉన్న ప్రతిదానికీ కంప్యూటరు ఒక బొమ్మ గీసి పెట్టేది. ఆ బొమ్మల్లో నక్షత్రమన్నది ఎప్పుడో ఒకటి. మిగతావన్నీ సెల్ టవర్లు, విమానాల రాడార్లు, కరెంటు తీగల మీద నిప్పురవ్వలు. వాటిని ఒక్కొక్కటే కళ్ళతో చూసి ఏరుతూ కూర్చుంటే మా జన్మలు చాలవు.

అందుకని ఆ ఏరడమేదో కంప్యూటరుకే నేర్పమని మా గైడుగారు నాకు అప్పజెప్పారు. దాన్ని అప్పట్లో న్యూరల్ నెట్‌వర్క్ అనేవాళ్ళం. ఇప్పుడు బడికెళ్ళే పిల్లలు కూడా ఏఐ అంటున్నారు. చంటిపిల్లకి ఆవునీ గేదెనీ చూపించి నేర్పినట్టే, ఇది నక్షత్రం, ఇది కాదు అని వేలకొద్దీ బొమ్మలు చూపిస్తే తేడా అదే పట్టుకుంటుంది. కానీ ముందుగా ఆ బొమ్మలన్నిటి మీదా మనిషన్నవాడు ఔనో కాదో రాసి పెట్టాలి. ఆ మనిషిని నేను. వేసవి చివర రివ్యూ కమిటీ ముందు ఆ ప్రోగ్రాం పనిచేస్తోందని చూపించలేకపోతే నా ఫెలోషిప్ ఆగిపోతుంది. ఆగిపోతే మా ఇంట్లో ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. మా నాన్నగారు కొబ్బరి వ్యాపారం చేసుకునే మెత్తటి మనిషి. నన్ను అంతదూరం పంపించిందీ ఆయనే. అయినా నా పచ్చటి కళ్ళు చూసిన రోజునుంచీ సంబంధాలు వెతకడం మొదలెట్టారు. నాకేమో ఆ పనంటే ప్రాణం.

డాక్టరుగారు మంచం దిగొద్దన్నారు. ల్యాబ్‌లో నా స్నేహితురాలు బొమ్మలన్నీ ప్రింటు తీసి అట్టపెట్టెలో పార్సెల్ చేసింది. నాలుగు కాగితాలు చూసేసరికి నాకు కళ్ళు తిరిగేవి. అప్పుడు మా అత్తయ్య ముందుకొచ్చింది. అత్తయ్యంటే నాన్నగారి చెల్లెలు. మామయ్య మస్కట్‌లో ఉద్యోగం కనక మా పక్క వాటాలోనే ఉండేది. పనిలో పనిగా ఎదురింటి మామ్మగారినీ, వెనకింటి పిన్నిగారినీ కూడా పిలుచుకొచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా వరండాలో చాప పరిచి, ముగ్గురికీ తలో పెన్సిలూ ఇచ్చాను. బొమ్మలో పైనుంచి కిందదాకా తెగకుండా నిట్టనిలువు గీత ఉంటే టిక్కు పెట్టండి, లేకపోతే కొట్టేయండి అని నేర్పాను. ముగ్గురూ ఒకే గొంతుతో, అలాగేనన్నట్టు, "ఆయ్" అన్నారు. నా అంత అదృష్టవంతురాలు లేదనుకున్నాను.

కట్టలు కట్టలుగా పూర్తిచేశారు. డాక్టరుగారి మాట పక్కనబెట్టి, నేనూ అత్తయ్యా బస్సెక్కి అమలాపురం వెళ్ళి, నెట్ సెంటర్లో కూర్చుని, గుర్తులన్నీ కొట్టి ల్యాబ్‌కి మెయిలు పంపేవాళ్ళం. నా స్నేహితురాలు వాటితో నెట్‌వర్క్‌కి పాఠం చెప్పేది. రెండో వారంలో తన దగ్గరనుంచి జవాబొచ్చింది. నీ ప్రోగ్రాంకి కనిపించినదల్లా నక్షత్రమే, విమానాశ్రయం రాడారు చూపిస్తే నక్షత్రమంది, చివరికి ఏ సిగ్నలూ లేని ఖాళీ బొమ్మ పెట్టినా నక్షత్రమే అంటోంది, గైడుగారు తల పట్టుకున్నారు అని రాసింది.

ఇంటికొచ్చి కాగితాలు తిరగేశాను. ఎక్కడ చూసినా టిక్కులే. గీత వంకర పోయినా టిక్కే, సగంలో తెగిపోయినా టిక్కే. నాకు ఒళ్ళు మండిపోయింది. కామెర్ల మనిషికి కోపం రాకూడదంటారు గానీ ఆ పూట ఇంటిల్లిపాదికీ నా నోటి వాడి తెలిసింది. ఆఖరికి మామ్మగారిని కాస్త తగ్గి అడిగాను, ఇదెలా నక్షత్రమైందండీ అని.

"అంత దూరం నించి అంత కష్టపడి వచ్చింది కదమ్మా," అన్నారావిడ ఆ బొమ్మని వేలితో నిమురుతూ. "కొట్టేస్తే ఏం బాగుంటాదండి?"

పిన్నిగారి లెక్క వేరు. నక్షత్రాలు ఎన్ని ఎక్కువ దొరికితే నా ఉద్యోగం అంత గట్టిపడుతుందని ఆవిడ అనుకున్నారట. జబ్బుపడ్డ పిల్ల మొహం చూస్తూ కాదని ఎలా పెడతామని అత్తయ్య గొణిగింది. ఇంక నేనేం తిడతాను? మా వైపు మనుషులు ఎదుటివాళ్ళకి కాదని చెప్పడం కంటే ఊరొదిలి వెళ్ళిపోవడం సుఖమనుకుంటారు. ఆ మర్యాదంతా నా కంప్యూటరు శ్రద్ధగా నేర్చుకుంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రివ్యూ దగ్గరపడుతోంది, మొదటినుంచీ అన్నీ నేను చూసుకునే ఓపిక నాకు లేదు. ఆ రోజు అన్నం సయించలేదు.

మర్నాడు సంబంధాలు తెచ్చే ఆయన వచ్చాడు. నాన్నగారు దుకాణానికి వెళ్ళారు, అమ్మ వంటింట్లో ఉంది. అత్తయ్యే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. అబ్బాయి ఫొటో ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "ఆయ్, చూద్దామండి. అన్నయ్యతో మాట్లాడి కబురెడతాం," అంది. ఆయన కాఫీ తాగి, మారు మాట్లాడకుండా ఫొటో సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను గదిలోంచి, ఎప్పుడు కబురు పెడతావని అడిగాను. కబురేంటి, ఆయనకి తెలిసిపోయింది కదా, అది కుదర్దు అంది అత్తయ్య, గ్లాసు తీస్తూ.

మంచం మీంచి లేచి కూర్చున్నాను. అంటే వీళ్ళకి కాదనడం రాక కాదు. చెప్పే పద్ధతి వేరు, అంతే. ఆ మధ్యాహ్నం పెన్సిళ్ళు తీసేసుకుని, కాగితాలు నేనే పట్టుకున్నాను. ఈ బొమ్మలన్నీ పెళ్ళికొడుకుల ఫొటోలనుకోండి, తెచ్చినాయనతో ఏమంటారో అదే నాతో అనండి అన్నాను. ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి.

ఇంక చూడాలి. గీత నిలువుగా, చక్కగా ఉంటే "రేపే రమ్మనండి" అనేవారు. కాస్త మసకగా ఉంటే "ఓసారి కనుక్కుని చెబుతామండి". ఇంకాస్త వంకరుంటే "చూద్దామండి". సెల్ టవరు వస్తే ముగ్గురూ మొహమొహాలు చూసుకుని "జాతకాలు కలవలేదండి" అనేవారు. కొంతసేపు కనిపించి మాయమైపోయే సిగ్నలు ఒకటి వచ్చినప్పుడు, వీడు మధ్యలో గల్ఫ్ వెళ్ళిపోయేడని పిన్నిగారు అంటే, మా అత్తయ్య కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. వాళ్ళన్న మాటకి తగ్గట్టు నేను ఒకటి, ఒకటి కంటే తక్కువ, ఇంకా తక్కువ, సున్నా అని వేసుకుంటూ పోయాను. మధ్యమధ్య నాకు జవాబు తెలిసిన బొమ్మలు కలిపి చూశాను. వాళ్ళ మాట ఎక్కడోగాని తప్పలేదు.

ఈసారి గైడుగారే స్వయంగా మెయిలు రాశారు. ఔను, కాదు అని రెండే ముక్కలుగా చెప్పేకంటే ఎంతవరకు ఔనో చెప్పడం యంత్రానికి ఎక్కువ పనికొస్తుందట. ఇప్పుడది రాడార్లని పక్కకి నెట్టేస్తోంది, అనుమానమున్నవాటిని అనుమానంగానే ఉంచుతోంది, ఈ మెట్ల పద్ధతి ఎక్కడ చదివావని అడిగారు. అంబాజీపేటలో అని రాద్దామనుకుని, రివ్యూలో వివరంగా చెబుతానండీ అని రాశాను. కమిటీ శుక్రవారమని, మనిషి తప్పకుండా రావాలని కూడా ఆ మెయిల్లోనే ఉంది.

రివ్యూ ఏమైందో ఇప్పుడే చెప్పేస్తాను, దాచుకోవడానికేం లేదు. గట్టెక్కాను. ఫెలోషిప్ పొడిగించారు. కానీ అక్కడిదాకా వెళ్ళగలగడమే పెద్ద గండమైంది. ఆ సంగతే చెప్పాలి.

ఆ మెయిలు చూసుకుని ఇంటికొచ్చిన సాయంత్రం నాన్నగారు చాలా హుషారుగా ఉన్నారు. రాజోలునుంచి మంచి సంబంధమట, అబ్బాయిది బ్యాంకులో ఉద్యోగమట. ఈ చదువు ఇంతటితో ఆపితే చాలు, ఇంకేమీ అక్కర్లేదన్నారట వాళ్ళు. గురువారం మా ఇంటికొస్తామంటే ఈయన తప్పకుండా రండన్నారు. నేను బుధవారం రైలెక్కాలి. ఆ మాట చెబితే నాన్నగారి మొహం చిన్నబోయింది. నామీద కోపం కాదు. మాటిచ్చేసేనమ్మా, ఇప్పుడు వాళ్ళకి ఏమని చెప్పను, పెద్దవాళ్ళు ఏమనుకుంటారు అని అదే అంటూ కూర్చున్నారు. పోనీ వాయిదా వెయ్యమంది అమ్మ. వాయిదా వేస్తే వచ్చేవారం వస్తారు, చదువు ఆపమన్న మాట అలాగే ఉంటుంది. నేను వెళ్ళకపోతే అంతా అయిపోయినట్టేనని అందరికీ తెలుసు. అయినా ఫోను దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు.

అత్తయ్య నాన్నగారిని నంబరడిగింది. అన్నగారికి ఎదురు మాట్లాడిన మనిషి కాదు, ఆయన కూర్చుంటే ఎదురుగా కూర్చునేది కూడా కాదు. ఆయన చెబుతుంటే నిలబడే నంబరు నొక్కింది. అటువాళ్ళ బాగోగులడిగింది. పిల్ల మేనత్తనని చెప్పింది. చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"వద్దండి," అంది. "గురువారం రావద్దండి. మా అమ్మాయి చదువు ఆపదండి. ఈ సంబంధం మాకు వద్దండి."

అన్ని "అండీ"ల మధ్య కూడా అది కాదనడమే. ఫోను పెట్టేశాక కూడా కొంగు ఆవిడ వేలికి అలాగే చుట్టి ఉంది. నేను వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను.

"మరీ మొహమ్మీదే అనేసేనేంటే?" అంది నాతో నెమ్మదిగా. "మళ్ళీ చేసి, ఏమీ అనుకోవద్దని చెప్పనా?"

వద్దత్తయ్యా అన్నాను. నాన్నగారు కుర్చీలోంచి లేచారు. చెల్లెలివైపు చూశారు, అప్పుడే ఇంటికొచ్చిన కొత్త మనిషిని చూస్తున్నట్టు. తర్వాత చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ నన్నడిగారు.

"బుధవారం రాజమండ్రిలో బండి ఎన్నింటికమ్మా?"