ఇంటి గోడలో వెతికిన డొల్ల చప్పుడు

ఓసీడీ అంటే చేతులు పదేపదే కడుక్కునే జబ్బని గోదావరిఖని లైబ్రరీలో చదివాను. నాకు ఆ అలవాటు లేదు కాబట్టి ఆ జబ్బు కూడా లేదనుకున్నాను. చదువుకున్నానన్న ధీమాతో కొన్నేళ్లు పోగొట్టుకున్నాను. నాలాగే సగం చదివి ఆగిపోయినవాళ్లు ఉంటారని ఇది రాస్తున్నాను.

నేను బొగ్గుగనిలో మైనింగ్ సర్దార్‌ని. మనుషులు పనిలోకి దిగకముందు కర్రతో పైకప్పు తట్టి, డొల్ల చప్పుడు వస్తే రాయి వదులైందని వాళ్లను ఆపడం నా డ్యూటీ. ఒక వానాకాలం సాయంత్రం దగ్గర్లోని ఓపెన్‌కాస్ట్ గనిలో పేల్చిన బ్లాస్టింగ్‌కి మా కంపెనీ క్వార్టర్ అదిరింది. బిడ్డ మంచం పక్క గోడను వేలితో తట్టి చూశాను. బాగానే ఉంది. మనసు ఒప్పుకోలేదు, మళ్లీ తట్టాను. ఆ తర్వాత అది రోజువారీ పనైంది. గోడ, స్లాబు, తలుపు పైభాగం. ఒక్కచోట వదిలినా బిడ్డ మీద గోడ పడుతుందని భయం. చివర్లో నా భార్య సరితను అడిగేవాణ్ని.

"మంచిగనే ఉన్నదా?"

"ఉన్నది, ఇగ పండుకో" అనేది పాపం.

తోటి సర్దార్ రాజేశం అన్న నవ్వాడు. "ఏందిర, ఇంట్ల గూడ డ్యూటీ జేస్తున్నవట? మా మరదలు ఓవర్‌టైం పైసలు కడుతున్నదా?" నేనూ నవ్వాను. తట్టిన చప్పుడు మీద నమ్మకం కుదరక, చెవిలో లోపమేమోనని ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకున్నాను. వినికిడి పరీక్షలో అంతా నార్మల్.

ఒకరోజు రెండో తరగతి చదివే మా బిడ్డ అఖిల స్కేలుతో గోడ తడుతూ కనిపించింది. "బాపూ, ఈడ మంచిగనే ఉన్నది. నువ్వు గూడ సూడు, లేకుంటె నేను పండ."

సరిత నా వైపు తిరిగింది. "నీది నీకు ఉండనీ. పిల్లకు గూడ అంటిస్తవా? రేపే దవాఖానకు పోవాలె."

కరీంనగర్‌లో సైకియాట్రిస్ట్ మేడం మొదట పాపతో మాట్లాడింది. "ఈమెది జబ్బు కాదు, మిమ్మల్ని చూసి నేర్చుకుంది. మీది మాత్రం ఓసీడీ, ఇలా పదేపదే తట్టి చూడటం కూడా అదే. మీరు ఆపకపోతే పాపకు కూడా ముదురుతుంది." తర్వాత నా చిన్నతనం అడిగింది.

కమాన్‌పూర్ దగ్గర మా ఊళ్లో, నేను బడికి పోయే వయసులో, వానకు నానిన మట్టిగోడ మా చెల్లె పద్మ మీద కూలింది. పక్కనే పడుకున్న నాకేమీ కాలేదు. శవం దగ్గర మా నాన్న అందరి ముందు అన్నాడు: "పక్కపొంటి పండి గూడ సూడకపోతివారా?" ఆ తర్వాత ఇంట్లో ఎవరూ చెల్లె పేరెత్తలేదు.

కారణం దొరికింది, ఇక పోతుందనుకున్నాను. చైల్డ్‌హుడ్ ట్రామా గురించి లైబ్రరీలో దొరికినంతా చదివి, వెళ్లి ఆ మేడంకే వివరించాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"ట్రామా ఉన్న అందరికీ ఓసీడీ రాదు. మీ భయం గోడ మీదికి వెళ్లింది అందుకే కావచ్చు. కానీ కారణం తెలిసినంత మాత్రాన చెయ్యి ఆగదు. గనిలో రూల్ ప్రకారం తట్టండి. ఇల్లు ఒక్కసారి కంపెనీ సివిల్ ఇంజనీర్లకు చూపించండి. తర్వాత తట్టొద్దు, అడగొద్దు."

"బిడ్డ మీద పడితే మేడం?"

"ఆ అనుమానంతోనే పడుకోవడం నేర్చుకోవాలి. ట్రీట్‌మెంట్ అదే."

సివిల్ వాళ్లు చూసి భయం లేదన్నారు. ఓసీడీకి ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మాత్రలు, భయాన్ని తట్టకుండానే భరించడం నేర్పే ఎక్స్‌పోజర్ థెరపీ మొదలయ్యాయి. తట్టకుండా కూర్చుంటే ఒళ్లంతా చెమట. కాస్త తగ్గగానే మాత్రలు నాకు నేనే మానేశాను. వానలు పడగానే అంతా తిరిగొచ్చింది, ముందుకంటే గట్టిగా. మళ్లీ మొదటినుంచి.

ఇప్పుడు మాత్రలు వాడుతున్నాను. బ్లాస్టింగ్ అయితే వేళ్లు లేస్తాయి. చాలాసార్లు ఆగుతాయి, కొన్నిసార్లు ఆగవు. అఖిల మాత్రం గోడ సంగతి మరిచి నిద్రపోతోంది.

మీ ఇంట్లో ఇలాంటివాళ్లుంటే, అడిగిన ప్రతిసారీ "ఏం కాదు" అని చెప్పకండి. డాక్టర్లు దాన్ని రియాష్యూరెన్స్ అంటారు. ఆ క్షణానికి ఊరట, ఆపైన జబ్బుకే బలం. ఎలా మానాలో డాక్టర్‌ను అడిగి మానండి.

డాక్టర్ మేడంకు, నేను కరీంనగర్ వెళ్లినప్పుడల్లా షిఫ్టు మార్చుకున్న రాజేశం అన్నకు, వెతికిన పుస్తకమల్లా తీసిచ్చిన లైబ్రేరియన్ సుజాతక్కకు నా కృతజ్ఞతలు. నేను బతిమాలి అడుగుతుంటే కళ్లనీళ్లు పెట్టుకుని కూడా జవాబు చెప్పకుండా ఊరుకున్న సరితకు, అందరికంటే ఎక్కువ.